తిరుపాలు చేతి తాడు

తిరుపాలు ఒక పెద్దమనిషిని బలవంతంగా తాడుతో కట్టి సముద్రంలో ముంచబోయాడని కాగితం మీద రాసి ఉంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. కింద నేను సంతకం పెట్టాలట. నేను మూడో తరగతి వరకే చదివాను, అదీ తెలుగులో. అయినా చదవలేని కాగితం మీద సంతకం పెట్టకూడదని తెలియడానికి ఆ చదువు చాలు.

"ఏముందో చదివి చెప్పు" అన్నాను, కాగితం తెచ్చిన రత్నాకర్‌తో. మా సూపర్‌వైజరు అతను, కరీంనగర్ వైపువాడు. చెడ్డవాడు కాదు, ఒట్టి భయస్తుడు.

"ఏముంటదవ్వా, అయ్యిందే రాసిండ్రు. జర సంతకం వెట్టు, పడవకు టైమైతుంది."

"అయ్యింది చూసినదాన్ని నేను. రాసినోళ్ళు ఆఫీసులో కూర్చున్నోళ్ళు. వాళ్ళకెట్ట తెలిసింది?"

అతను గొణుక్కుంటూ చదివాడు. "గెస్టు వద్దన్నా ఇనకుండ తిరుపాలు అనేటోడు నడుముకు తాడు గట్టిండు. గా తాడు సుట్టుకొని గెస్టు నీళ్ళల్ల మునగవోయిండు. మేము కండ్లార చూసినం."

"మేమంటే ఎవరు?"

"నువ్వు, నేను."

"నువ్వు ఆ పొద్దు రేవులో బస్సు కాడ ఉన్నావు కదప్పా. నీ కండ్లు అరగంట పడవ ప్రయాణమంత దూరం చూసినాయా?"

రత్నాకర్ తల దించుకున్నాడు. "ఓడోళ్ళు గట్టిగున్నరవ్వా. తిరుపాలును తీసేస్తేనే గెస్టులను పంపుతమన్నరు. ఆదివారం ఆయన వీసా క్యాన్సిల్. సంతకం వెట్టకుంటే నీ నౌకరీ గూడ..."

"పోనీ. నా నౌకరీ నా కాళ్ళ మీద నిలబడి చేసింది, సంతకాల మీద కాదు."

కాగితం మడిచి అతని జేబులోనే పెట్టాను.

చలికాలమంతా దోహా పాత రేవుకు క్రూయిజ్ ఓడలు వస్తుంటాయి. ఒక్కొక్కటి ఒక ఊరంత. పొద్దున ఆగి సాయంత్రానికి వెళ్ళిపోతుంది. ఆ ఒక్క పగటిలో దిగినవాళ్ళు ఏం చేయాలి? కొందరు బజారు చూస్తారు, కొందరు ఎడారికి పోతారు, యాభై అరవై మంది మా కంపెనీ పడవెక్కి మా దీవికి వస్తారు. దీవి అంటే పెద్దగా ఊహించుకోకండి. ఇసుక దిబ్బ, పది ఖర్జూరపు చెట్లు, ఎండకు గొడుగులు, నా వంటపాక, అంతే. వచ్చినవాళ్ళు కళ్ళకూ ముక్కుకూ అద్దం తగిలించుకుని, నోట్లో గొట్టం కరుచుకుని, నీళ్ళ మీద బోర్లా తేలుతూ అడుగున చేపలను చూస్తారు. దాన్ని స్నార్కెలింగ్ అంటారు. అలిసిపోయి ఒడ్డున పడుకుంటారు. దాన్ని రిలాక్స్ కావడం అంటారు. వాళ్ళకు చేపలతో మచ్బూస్, అంటే ఇక్కడి మసాలా అన్నం, వండేదాన్ని నేను. నీళ్ళలో కాపలా కాసేవాడు తిరుపాలు.

తిరుపాలుది మా రాయచోటి పక్క పల్లె. చుట్టరికం లేదు గానీ మొదటి రోజే "అత్తా" అన్నాడు, నేను "ఏమిరా అబ్బీ" అన్నాను, అంతటితో చుట్టాలమైపోయాం. నలభై రెండేళ్ళుంటాయి. సన్నటి మనిషి, మాట తక్కువ. మా సీమవాడు సముద్రంలో కాపలా ఏమిటని మొదట నేనే నవ్వాను. మాకు తాగడానికే నీళ్ళు కరువు.

"ఈత యాడ నేర్చినావురా?" అని అడిగాను.

"బాయిలో అత్తా. మా మామ తాడు కట్టి తోసినాడు."

మా వైపు ఈత నేర్పే పద్ధతే అది. మగపిల్లవాడికి నడుముకు తాడు కట్టి, కొన మేనమామో చిన్నాయనో గట్టు మీద పట్టుకుని, బావిలోకి తోస్తారు. అడగరు. ఏడ్చినా, కాళ్ళు పట్టుకున్నా తోస్తారు. వాడు కొట్టుకుంటాడు, రెండు గుక్కలు మింగుతాడు, తాడు వాణ్ణి పైకి తెస్తుంది. వారం తిరిగేసరికి తాడు వదులైపోతుంది. ఎప్పుడు వదులైందో పైన పట్టుకున్నవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆడపిల్లలకు మాత్రం తాడు లేదు. మా అన్నకు కట్టారు, నన్ను గట్టు మీద వాడి బట్టలకు కాపలా పెట్టారు.

తిరుపాలు ఈత నేర్చిన మరుసటి ఏడే ఆ బావి ఎండిపోయింది. చుట్టూ బోర్లు వేశారు, ఇక నీళ్ళు ఊరలేదు. ఇరవై మూడేళ్ళకు ఖతర్ వచ్చాడు. రెండేళ్ళు మెసైమీర్‌లో ఇటుకలు మోశాడు, తర్వాత ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా కుదిరాడు. ఆ ఇంటివాళ్ళు సెలవు రోజున సముద్రానికి పోయేవారు. వాళ్ళ నడిపి పిల్లవాడు లోతుకు పోయి బెదిరిపోతే, కారు దగ్గరున్న తిరుపాలు చొక్కా కూడా విప్పకుండా దూకి తెచ్చాడు. బావిలో ఈదినవాడికి ఇక్కడి నీళ్ళు పరుపులాంటివట. ఉప్పు ఎంతుందంటే మనిషిని అదే తేలుస్తుందట. ఆ తర్వాత ఆ ఇంటి పిల్లలు ముగ్గురికీ అతనే ఈత నేర్పాడు, తాడు కట్టే నేర్పాడు. వాళ్ళ సిఫారసు మీదే ఈ కంపెనీలో చేరాడు. కంపెనీ పరీక్ష పెట్టింది, నెగ్గాడు, సర్టిఫికెట్ ఇచ్చింది. ఆరేళ్ళయింది. ఆరేళ్ళలో ఒక్క మనిషి చెయ్యి జారిపోలేదు.

తేలే జాకెట్టు కంపెనీది, తాడు మాత్రం అతని సొంతం. వేలు లావు నైలాను తాళ్ళు రెండు మూడు, ఒక్కొక్కటి ఇరవై బారలు ఉంటుంది. భయపడేవాళ్ళకు జాకెట్టు మీద నడుముకు కడతాడు. మామ నేర్పిన ముడి వేస్తాడు, ఎంత లాగినా ఒంటికి బిగుసుకోదు. రెండో కొన మణికట్టుకు చుట్టుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడతాడు. వచ్చిన ముసలమ్మలూ, పిల్లలూ, ఎన్నడూ సముద్రంలో కాలు పెట్టనివాళ్ళూ "రోప్ మ్యాన్, రోప్ మ్యాన్" అంటూ అతని దగ్గరికే పోయేవారు. ఓడకు తిరిగి వెళ్ళాక మంచిగా రాసేవారు. రత్నాకర్ ఆ రాతలన్నీ మురిసిపోతూ మాకు చదివి వినిపించేవాడు. అప్పుడు అది కంపెనీ తాడు. ఇప్పుడు తిరుపాలు తాడైపోయింది!

ఇక ఆ రోజు జరిగింది చెబుతాను. నా వంటపాక నుంచి నీళ్ళు తిన్నగా కనిపిస్తాయి, ఎవరూ నాకు చెప్పినది కాదు.

పడవ దిగినవాళ్ళలో ఒక ఎర్రటి మనిషి ఉన్నాడు. ఆరడుగుల పొడవు, దానికి తగ్గ పొట్ట. పక్కన పిట్టలాంటి పెళ్ళాం. ఆమె భయం దాచుకోలేదు, వచ్చీ రాగానే జాకెట్టు వేసుకుని, తాడు కట్టించుకుని, నవ్వుతూ నీళ్ళలోకి దిగింది. ఈయనకు జాకెట్టు ఇవ్వబోతే చేతితో తోసేశాడు. తాడు చూపిస్తే పకపకా నవ్వాడు. ఓడలో ఈత కొలను ఉందట, రోజూ ఈదుతాడట. జాకెట్టు వద్దన్నవాళ్ళు అక్కడ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, పెట్టాడు.

నేను ఉల్లిపాయలు తరుగుతూ చూస్తున్నాను. తిరుపాలు వచ్చి మంచినీళ్ళు తాగాడు.

"ఆయప్పకు ఈత రాదత్తా" అన్నాడు మెల్లగా.

"నీకెట్ట తెలుసు?"

"చూడు, కాలివేళ్ళతో ఇసుక పట్టుకోని నిలబడినాడు. ఊపిరి గొంతులోనే ఉండాది. రొండు పొద్దులు కొలనులో గోడ పట్టుకోని ఆడింటాడు, అంతే."

"అయితే పోనియ్యొద్దు."

"సంతకం పెట్టినాడు. ఆపితే నన్ను తిడతారు."

ఆ మనిషి నడుముకు వెడల్పాటి పట్టీ ఉంది, ఫోను పెట్టుకునే సంచీ దానికి వేలాడుతోంది. అద్దం సర్దుకుంటూ, గొట్టం నోట్లో పెట్టుకుంటూ తంటాలు పడుతున్నాడు. తిరుపాలు అద్దం సరిచేస్తున్నట్టు వెనక చేరి, ఆ నడుము పట్టీకి ఇంకో తాడు కొన ముడి వేశాడు. ఆయనకు తెలియలేదు. నేను చూశాను. చూసి, మంచి పని చేశాడనుకుని, ఉల్లిపాయల మీదికి వంగాను.

ఆ విషయంలో నేను అబద్ధం చెప్పను. అడగకుండానే కట్టాడు. మా ఊరి బావి దగ్గర ఎవరూ ఎవరినీ అడగరు మరి.

ఒక పావుగంట బాగానే గడిచింది. బోర్లా తేలుతూ, చేపలను చూస్తూ మెల్లగా జరిగిపోయాడు. ఉత్తరపు గాలి వీస్తోంది, నీళ్ళు బయటికి లాగుతున్నాయి. మా దీవికి ఎడమ పక్కన పడవలు రావడానికి తవ్విన కాలువ ఉంది. అక్కడ ఇసుక ఉన్నట్టుండి తెగిపోయి లోతు వస్తుంది. దాని పైకి పోయాడు. కాలు దించితే నేల అందలేదు. అద్దం పీకేశాడు, గొట్టం ఊడిపోయింది, రెండు చేతులతో నీళ్ళను కొట్టడం మొదలుపెట్టాడు. అరవనైనా లేదు. నోరు తెరిస్తే నీళ్ళేగా.

తిరుపాలూ అరవలేదు. ఒక్క కుదుపు లేకుండా, బావిలోంచి నిండు చేద తోడినట్టు, చెయ్యి మీద చెయ్యి వేసి లాగాడు. పెళ్ళాం తాడు ఎడమ చేతికి చుట్టుకుని, ఈయన తాడు రెండు చేతులతో. అంత మనిషినీ మోకాలిలోతుకు తెచ్చి బోర్లా తిప్పి వీపు మీద చరిచాడు. దగ్గి, కక్కి, లేచి కూర్చున్నాడు. లాగుడుకు నిక్కరు సగం జారిపోయింది. చుట్టూ మూగినవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో ఫోనుతో తీస్తున్నారు. అదీ అసలు దెబ్బ. నీళ్ళు మింగిన దెబ్బ కాదు.

నేను వేడివేడిగా పాలు లేని సులేమానీ టీ తీసుకుపోయి ఇచ్చాను. రెండు కప్పులు తాగాడు. ఆ తర్వాత మచ్బూస్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఆయన భార్య నా రెండు చేతులూ పట్టుకుని ఏదేదో అంది, నాకు అర్థమైంది థాంక్యూ ఒక్కటే. తిరుపాలు ముందు నిలబడి ఏడ్చింది కూడా. సాయంత్రం ఓడెక్కారు. ఓడ నుంచే ఫిర్యాదు రాశారు. దాని కింద ఆయన సంతకం, పక్కనే ఆ ఏడ్చిన మనిషి సంతకం!

నా అన్నం తిన్న నోటితో ఎట్లా చెప్పారో నాకు ఈ రోజుకూ అర్థం కాదు. ప్రాణం పోయేవాడు పోనీలే అని తిరుపాలు ఒడ్డున కూర్చుంటే అప్పుడు ఆయన పెట్టిన సంతకం కంపెనీని కాపాడేది. కాపాడినందుకు కంపెనీకి తిరుపాలు బరువయ్యాడు. ఇదెక్కడి న్యాయం?

గురువారం ముదీర్ స్వయంగా దీవికి వచ్చాడు. ముదీర్ అంటే మేనేజరు. శనివారం మళ్ళీ ఓడ ఉంది, ఈలోగా తేల్చాలి. ఒంటి మీద తెల్లటి పొడుగాటి అరబ్బు అంగీ, చేతిలో ఫోను, ముఖం గంటుపెట్టుకుని గొడుగు కింద కూర్చున్నాడు. నేను సంతకం పెట్టలేదని రత్నాకర్ చెప్పాడు.

"మామా, ఎందుకు పెట్టలేదు?" అన్నాడు ముదీర్. ఇక్కడ మామా అంటే అమ్మ, వయసు మళ్ళిన పనిమనుషులను అట్లాగే పిలుస్తారు.

ఇరవై ఏళ్ళు అరబ్బు వంటిళ్ళలో నేర్చిన అరబ్బీ, హిందీ, తెలుగు కలిపి మొత్తం చెప్పాను. తాడు ముంచిందన్నది పచ్చి అబద్ధమని చెప్పాను. అతను చెయ్యి ఊపాడు. తాడు కాళ్ళకు చుట్టుకోవచ్చు కదా, బిగుసుకోవచ్చు కదా, నువ్వు వంటమనిషివి, నీకేం తెలుసు అన్నాడు.

ఆ మాటకు ఒళ్ళు మండింది.

"రే తిరుపాలూ, తాడు తేరా. నాకు కట్టు" అన్నాను.

"యాడికి అత్తా?"

"నీళ్ళల్లోకి. ఈత రాని దాన్ని, అరవై దాటినదాన్ని. నీ తాడు మనుషుల్ని ముంచేదే అయితే నన్నూ ముంచుతుంది. ఈయప్ప కండ్లతోనే చూసి, అప్పుడు కాగితం రాసుకోనీ."

"వద్దత్తా, నీళ్ళు చల్లగుండాయి."

"అవ్వా, నీకేమన్న పిచ్చా?" అని రత్నాకర్ అడ్డం వచ్చాడు.

"పక్కకు తప్పుకో. నువ్వు కండ్లార చూడాల్సింది ఇదే."

చీర గోచి పోసి దోపుకున్నాను. తిరుపాలు జాకెట్టు తొడిగి, తాడు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. వెంటనే కట్టలేదు. "కట్టనా అత్తా?" అని అడిగాడు. కట్టమన్నాను.

నడుందాకా బాగానే ఉంది. ఆ తర్వాత చలి ఎముకలకు పట్టింది. నా మాటకు నేనే కట్టుబడ్డాను, ఇక వెనక్కి తిరిగితే తిరుపాలు బతుకు పోయినట్టే. అద్దం పెట్టించుకుని, గొట్టం కరుచుకుని, మొహం నీళ్ళలో పెట్టాను.

నాలుగేళ్ళుగా ఈ దీవిలో వండుతున్నాను. వీళ్ళు దేనికోసం సముద్రాలు దాటి వస్తారో ఆ రోజు చూశాను. పసుపు, నలుపు చారల చేపలు నా మొహం ముందు నుంచే గుంపుగా పోయాయి. ఒకటి ఆగి నన్నే చూసింది. కింద పగడపు రాళ్ళు, వాటి సందుల్లో చిన్న చిన్న పిల్లచేపలు. ఎండ గీతలు గీతలుగా ఇసుక దాకా దిగుతోంది. చేపంటే నాకు పొలుసు తీయడం, ముక్కలు కోయడమే తెలుసు. అది ఇంత తీరిగ్గా తిరుగుతుందని తెలియదు. కాసేపు ముదీరూ లేడు, కాగితమూ లేదు. నాలుగేళ్ళలో ఒక్కరైనా "నువ్వూ ఒకసారి చూడు" అనలేదే అన్న కోపం మాత్రం నీళ్ళలో కూడా వదల్లేదు.

అంతలో అడుగు మాయమైంది. నీలంగా, చీకటిగా లోతు. కాలువ మీదికి వచ్చేశానని తెలిసింది. కాళ్ళు కొట్టుకున్నాను, ఉప్పునీళ్ళు ముక్కులోకి ఎక్కాయి. అప్పుడు నడుము దగ్గర తాడు నన్ను పట్టుకుంది. గుంజలేదు. చంటిదాన్ని చంకలోకి తీసుకున్నట్టు వెనక్కి తెచ్చింది. ఇసుక కాలికి తగిలింది.

దగ్గుతూ, చీర నీళ్ళు కారుతూ వచ్చి ముదీర్ ముందు నిలబడ్డాను. నడుముకున్న తాడు పట్టుకుని గుంజి చూపించాను. ముడి బిగుసుకోలేదు, వేలు పెడితే వదులుగానే ఉంది.

"మునిగినానా?" అన్నాను.

ముదీర్ లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో. తన తువ్వాలు నా భుజాల మీద కప్పాడు. ఆ ముడిని చేత్తో పట్టుకుని అటూ ఇటూ లాగి చూశాడు. తర్వాత తిరుపాలు వైపు తిరిగి ఒక్కటే అడిగాడు. ఆ మనిషిని అడిగే కట్టావా?

తిరుపాలు తల ఎత్తి చెప్పాడు. "మాఫీ." అరబ్బీలో లేదని. "అడగల్యా."

నా నెత్తిన పిడుగు పడినట్టయింది. అడిగానని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను కూడా ఔనని ఉండేదాన్నేమో, దేవుడికే తెలియాలి.

"అయితే అది తప్పు" అన్నాడు ముదీర్. క్షమించమని ఉత్తరం రాసి ఇస్తే ఓడవాళ్ళతో తాను మాట్లాడి చూస్తానన్నాడు. రాయకపోతే ఆదివారం వీసా సంగతి తన చేతిలో లేదన్నాడు.

"రాసిస్తా" అన్నాడు తిరుపాలు.

నేను మండిపడ్డాను. "సిగ్గుండాల్రా! ప్రాణం పోసినందుకు క్షమాపణ అడుగుతావా? నేనింత చలిలో తడిసింది దీనికా?"

"ఉండత్తా. నేను చెప్పింది చెప్పినట్టు రాయమను."

రత్నాకర్ ఫోను తీశాడు. తిరుపాలు నిదానంగా చెప్పాడు. "అయ్యా, మిమ్మల్ని అడగకుండా తాడు కట్టినా. అది నా తప్పు, దానికి క్షమించండి. తాడు పట్టి లాగినందుకు మాత్రం క్షమాపణ అడగను. మళ్ళీ అట్టా జరిగితే మళ్ళీ లాగుతా."

రత్నాకర్ వేలు ఆగిపోయింది. "అన్నా, రెండో మాట వద్దే. మొదటి మాట చాలు."

"రొండూ రాయి. లేకుంటే రొండూ వద్దు."

భయస్తుడని చెప్పాను కదా రత్నాకర్. నా తడి చీర వైపు చూశాడు, ముదీర్ వైపు చూశాడు, రాశాడు. అదే ఉత్సాహంలో జేబులోని పాత కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. ముదీర్ ఉత్తరం చదువుకుని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత "యల్లా, పంపు" అన్నాడు.

శుక్రవారమంతా కాచుకున్నాం. అన్నం సయించలేదు. సాయంత్రం ఓడవాళ్ళ నుంచి రెండు వరుసల జవాబు వచ్చింది. శనివారం యాభై ఎనిమిది మంది వస్తారు, అందులో పదిమందికి మాంసం పడదు, కూరగాయలు వండించండి. అంతే. తిరుపాలును తీసేయమని లేదు, ఉంచమని లేదు. ఒక మనిషి బతుకును వారం రోజులు తాడుకు వేలాడదీసి, చివరికి వంకాయల సంగతి రాశారు!

ముదీర్ మాత్రం ఆదివారం పేరు మళ్ళీ ఎత్తలేదు.

శనివారం తిరుపాలు ఎప్పటిలాగే నీళ్ళలో నిలబడ్డాడు. ప్రతి మనిషినీ ఆపి, తాడు చూపించి "కట్టనా? ఓకే?" అని అడిగాడు. ఇద్దరు కుర్రాళ్ళు తాడూ వద్దు, జాకెట్టూ వద్దన్నారు, సంతకాలు పెట్టామన్నారు. తిరుపాలు వాళ్ళను మోకాలిలోతులోనే ఆపి, అంతకు మించి పోనివ్వలేదు. వాళ్ళు రూల్సు మాట్లాడారు, గొంతు పెంచారు. రత్నాకర్ ఈసారి రేవులో ఉండిపోలేదు, పడవలోనే వచ్చాడు. గబగబా నీళ్ళలోకి దిగి, బూట్లు తడుస్తున్నా చూసుకోకుండా, తిరుపాలు పక్కన పోయి నిలబడ్డాడు.

"ఆయన చెప్పిందే రూలు" అన్నాడు వాళ్ళతో. ఇంగ్లీషులో అన్నాడు గానీ, నాకు అర్థమైంది.